ట్యాంకు మీద గుండ్రాలు

ఆ అక్షరాన్ని చూస్తే చాలు, నబీ సాబుకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

గార్లదిన్నెలో బస్సు దిగి ఏ పక్కకు తిరిగినా అదే. చికెన్ సెంటరు మీద అదే. ఎరువుల అంగడి మీద అదే. చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద అదే. ఆఖరికి చచ్చిపోయిన పెద్దమనిషి ఫోటో కింద, కన్నీటి చుక్క బొమ్మ పక్కన కూడా అదే. బడిపిల్లలు కంపాసుతో గీసినట్టుండే గుండ్రాలు, వాటిని కలుపుతూ స్కేలు పెట్టి కొట్టిన గీతలు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే లావు. ఒంపు లేదు, సన్నదనం లేదు, కుంచె ఎక్కడ ఆనిందో ఎక్కడ లేచిందో ఆనవాలు లేదు. పెళ్ళికీ చావుకీ కోడిమాంసానికీ ఒకే మొహం పెట్టుకుని వచ్చే అక్షరం అది. సిగ్గుండాలి!

దాని పేరు వర్తుల్ బోల్డ్ అని అతనికి చెప్పినవాడు అమాన్. చెల్లెలి కొడుకు. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీలు కొట్టే అంగడి పెట్టుకున్నాడు. మేనమామ అటు పోతూ రోజూ గుమ్మంలో నిలబడి నాలుగు తిట్లు తిట్టి గానీ కదలడు.

"ఏం అక్షరంరా అది? మేసి మేసి అడ్డంగా పండుకున్న ఎనుము మాదిరి ఉండాది."

"మామా, దూరం నుంచి కనపడల్ల అంటాండారు జనాలు. ఇది లావుగా ఉంటాది, బాగా కనపడతాది."

"కనపడేదానికేముందిరా, గోడ గూడ కనపడతాది. సదవల్ల కదా?"

అమాన్ నవ్వేసి కంప్యూటరు వైపు తిరిగేవాడు. మామ నోరు వాడికి అలవాటే. ఊళ్ళో అందరికీ అలవాటే.

అంత నోరు పెట్టుకునే హక్కు ఉందా అంటే, ఉంది. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టాడు నబీ సాబు. నాయన దూది ఏకుతుంటే దుమ్ము పడక దగ్గుకుంటూ పారిపోయి, గోడల మీద సినిమా పేర్లు రాసే తిప్పయ్య దగ్గర చేరాడు. తిప్పయ్య మొదటి ఏడాది కుంచె ముట్టుకోనివ్వలేదు. గోడలు కడిగించాడు, సున్నం కొట్టించాడు, నూలుదారానికి నీలిమందు పూసి గోడ మీద గీత కొట్టడం నేర్పించాడు. రెండో ఏడాది ఒక్క సున్నా చుట్టించాడు. ఏడాదంతా సున్నాలే. ఎగతాళి అనుకునేరు, కాదు. తెలుగు అక్షరంలో సగం సున్నాయే, అది చేతికొస్తే మిగతాది అదే వస్తుందని తిప్పయ్య లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఆ తరవాత నలభై ఏళ్ళు ప్రైవేటు బస్సుల నొసళ్ళ మీద, లారీల వెనక, విత్తనాల అంగళ్ళ మీద, ఎన్నికలు వస్తే అన్ని పార్టీల గోడల మీదా నబీ సాబు చెయ్యే కనిపించేది. పని అయ్యాక మూలన ఎర్రరంగుతో 'నబీ ఆర్ట్స్' అని రాసి, పక్కనే ఏటవాలుగా ఒక కుంచె బొమ్మ వేసేవాడు. అది అతని సంతకం.

అయితే గోడలు, బస్సులు ఎవరైనా రాస్తారు. నీళ్ళ ట్యాంకు మీద ఊరి పేరు రాయాలంటే మాత్రం మండలంలో నబీ సాబు ఒక్కడే. అది వేరే విద్య.

ఎందుకంటారా? ట్యాంకు నాలుగంతస్తుల ఎత్తు ఉంటుంది. చూసేవాడు కింద, దూరంగా, చేనిగట్టు మీదో రోడ్డు మీదో ఉంటాడు. తల ఎత్తి చూసేవాడికి పైనున్న అక్షరం పొడుగు తగ్గి కుంగిపోయి కనిపిస్తుంది, వెడల్పేమో తగ్గదు. పైన నిక్కచ్చిగా గుండ్రం గీస్తే కింద ఉన్నవాడికి కనిపించేది గుండ్రం కాదు, ఎవరో ఎక్కి కూర్చున్న గుండ్రం. అందుకని నబీ సాబు పైన గుండ్రాలు గీసేవాడు కాదు, నిలబెట్టిన గుడ్లు గీసేవాడు. అడ్డగీతలు కాస్త లావు, నిలువుగీతలు కాస్త సన్నం. పైన తాళ్ళకు వేలాడే ఉయ్యాల పలక మీద కూర్చుని చూస్తే ఆ అక్షరాలు జబ్బుమనిషిలా బక్కచిక్కి సాగి ఉంటాయి. కింద నిలబడి చూస్తే మల్లెమొగ్గల్లా ఉంటాయి.

ఎంత సాగదీయాలో పైన ఉన్నవాడికి తెలియదు. కింద ఉన్నవాళ్ళే చెప్పాలి. అరిచి చెప్పడానికి లేదు, ఈ సీమలో ఆషాఢం గాలి లేచిందంటే పక్క మనిషి మాటే చెవిన పడదు. అందుకని నబీ సాబు ట్యాంకు ఎక్కితే అతని భార్య జుబేదాబీ ఎర్ర తువ్వాలు పట్టుకుని రెండు వందల అడుగుల అవతల వేరుశనగ చేనులో నిలబడేది. చెయ్యి పైకి లాగితే ఇంకా పొడుగు కావాలని. రెండు చేతులూ చాపితే వెడల్పు చాలలేదని. తువ్వాలుతో గాల్లో తుడిస్తే చెరిపెయ్యమని. తువ్వాలును రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకుంటే, బాగుందని. ఆ ఆఖరుది రావడానికి ఒక్కోసారి పూట పట్టేది. ఆమె మొహమాటపడే మనిషి కాదు.

జుబేదాబీకి చదువు రాదు. ఓ అంటే ఏదో, బ అంటే ఏదో తెలియదు. నబీ సాబుకు కావలసింది కూడా అదే. చదువొచ్చినవాడు అక్షరాన్ని చూడడు, దాటుకుని పోతాడు. ఆమె ఆకారాన్ని మాత్రమే చూస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అనంతపురం బస్టాండులో తప్పిపోయి, ఎవరినీ అడగకుండా, తన మొగుడు రాసిన బస్సు ఏదో చూసి ఎక్కి ఇంటికి వచ్చేసింది. ఎట్లా కనుక్కున్నావంటే, "నీ అక్షరం నడక నాకు తెలీదా ఏమి" అంది. ఆ మాట నబీ సాబు ఎన్ని టీ అంగళ్ళ దగ్గర ఎంతమందికి చెప్పుకున్నాడో.

ఇట్లా ఉండగా మొన్న వానాకాలంలో ఓబిలేష్ వచ్చాడు. ఓబిలేష్ ట్యాంకుల కాంట్రాక్టరు. ఓబులదిన్నెలో కొత్త ట్యాంకు లేచింది, దాని మీద ఊరి పేరు రాయాలి. ఇదివరకైతే ఊరి పేరు చెప్పి పోయేవాడు. ఈసారి చేతిలో ఒక కాగితం ఉంది.

"సాబూ, ఇంగ మీద అన్ని ట్యాంకులకూ ఒకటే అక్షరం అంట, నీళ్ళ ఆఫీసోళ్ళు చెప్పినారు. బెంగళూరోళ్ళు చేసిచ్చినారంట. ఇట్లనే రాయల్ల."

నబీ సాబు కాగితం విప్పాడు. వర్తుల్ బోల్డ్! ఎనుములు వరసగా పడుకుని ఉన్నాయి. కింద కొలతలు కూడా ఇచ్చారు, గుండ్రం ఇన్ని అడుగులు, గీత లావు ఇన్ని అంగుళాలు. గుండ్రం ఎంత వెడల్పో అంత పొడుగు.

"ఓబిలేషూ, ఇది పైన రాస్తే కుంగిపోతాది. కాగితం మీద చేసినోడు యానాడన్నా ట్యాంకు కింద నిలబడినాడా?"

"అదంతా నాకేం తెల్సప్పా. కాగితం ఇచ్చినారు, నీకిచ్చినా. రాస్తే రాయి, లేదంటే అనంతపురం నుంచి స్టిక్కరోళ్ళు వస్తారు. ఈడ ఇంగా నాలుగు ట్యాంకులు ఉండాయి."

ఓబిలేష్ పోయాక నబీ సాబు కాగితాన్ని ఉండచుట్టి విసిరేశాడు. మళ్ళీ ఏరుకుని సాపు చేశాడు. నాలుగు ట్యాంకులు! ఓబులదిన్నె పోను ఈ చేతులకు ఇంక మిగిలినవి ఆ నాలుగే. గోడలు పోయాయి, బస్సులు పోయాయి, అంగళ్ళన్నీ అమాన్ దగ్గరికి పోయాయి. ఈ నాలుగూ స్టిక్కరు వాళ్ళకు పోతే, తిప్పయ్య దగ్గర ఏడాది పాటు చుట్టిన సున్నాలకు ఇంక చోటు లేదు. తన ఇష్టప్రకారం, తన అక్షరంతో ఆ నాలుగూ రాయాలి. అతనికి కావలసింది అంతే.

అప్పుడు పుట్టింది ఆ వెధవ ఆలోచన. సరే, వాళ్ళు చెప్పినట్టే రాస్తా. ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా రాస్తా. ప్రారంభోత్సవం నాడు ఊరంతా తలలెత్తి చూస్తుంది, ఇదేం అక్షరమప్పా అని పకపకా నవ్వుతుంది. బెంగళూరు వాళ్ళ మొహాన పేడ కొట్టినట్టవుతుంది. ఓబిలేష్ పరుగెత్తుకుంటూ వచ్చి, సాబూ, మిగతావి నీ ఇష్టమొచ్చినట్టు రాయప్పా అని కాళ్ళబేరానికి వస్తాడు. ఈ లెక్క వేసుకుని నబీ సాబు మీసం కింద నవ్వుకున్నాడు. అరవై మూడేళ్ళు వచ్చినా కొందరికి బుద్ధి రాదు.

పొద్దున రంగుడబ్బాలు సర్దుకుంటుంటే జుబేదాబీ చెప్పులేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని సిద్ధమైంది.

"నువ్వు రావద్దులే," అన్నాడు.

"యాలా? కింద ఎవరు నిలబడతారు?"

"ఎవరూ అక్కరలే. కాగితంలో అంతా ఉండాది."

"కాగితం ట్యాంకు కాడ నిలబడి సూస్తాదా?"

అతనికి చురుక్కుమంది. తను చేయబోయే పని ఆమె కంటికి కనబడటం ఇష్టం లేదు, ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నోరు రానప్పుడు మొగవాళ్ళు ఏం చేస్తారో అదే చేశాడు, కసురుకున్నాడు.

"ఓ అంటే ఏందో రాదు నీకు. చదువొచ్చినోళ్ళు లెక్కలేసి ఇచ్చిన అక్షరం ఇది. నీకేం తెలుస్తాదని వస్తావు? గమ్మున ఇంట్లో ఉండు."

జుబేదాబీ తువ్వాలు భుజం మీంచి తీసి మడతపెట్టింది. చెప్పులు విడిచి లోపలికి పోయింది. రోషం ఉన్న మనిషి ఎదురు మాట్లాడకపోతే ఎంత భయమో నబీ సాబుకు తెలియాలి, నలభై ఏళ్ళ కాపురం చేసినవాడు. అయినా మోపెడ్ స్టార్టు చేసి పోయాడు.

నాలుగు రోజులు పట్టింది. ఓబిలేష్ మనుషులు ఉయ్యాల పలక కట్టి ఇచ్చారు. నబీ సాబు దారం ఒక కొన బొటనవేలితో గోడకు అదిమిపెట్టి, రెండో కొనకు సుద్ద కట్టి, నిక్కచ్చి గుండ్రాలు చుట్టాడు. ఎంత బాగా చుట్టాడంటే, తిప్పయ్య బతికుంటే వీపు తట్టేవాడు, తట్టి చెంప కూడా వాయించేవాడు. ఓ లావెక్కి కూర్చుంది. బు పొట్టలో ఉండవలసిన ఖాళీ, గీతల లావుకు పూడిపోయింది. ల కుంగింది. ది తల మీద గుడి తలలోకి దిగబడింది. న్నె కింద వత్తు నలిగింది. పైనుంచి చూస్తే అన్నీ దివ్యంగా ఉన్నాయి. దిగాక తలెత్తి చూడలేదు అతను, చూడకుండానే తెలుసు. రంగు పూస్తున్నంతసేపూ, నవ్వండిరా, బాగా నవ్వండి అని గొణుక్కుంటూనే ఉన్నాడు. అలవాటు చొప్పున ఒకటి రెండుసార్లు చేనులోకి చూశాడు. అక్కడ గట్టు మీద గొర్రెలు మేస్తున్నాయి. నాలుగో రోజు చివరి అక్షరం రంగు ఆరబెట్టి, దాని కింద ఎర్రరంగుతో ఎప్పట్లాగే సంతకం పెట్టి దిగాడు.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. షామియానా ముందు కట్టిన ఫ్లెక్సీ మీద కూడా వర్తుల్ బోల్డే, చెప్పాలా? సర్పంచు అరుణజ్యోతి రిబ్బను కత్తిరించింది, కుళాయి తిప్పింది, నీళ్ళు వచ్చాయి. తరవాత అందరూ తలలెత్తారు. నబీ సాబు షామియానా గుంజకు ఆనుకుని నవ్వు కోసం కాచుకున్నాడు.

"అబ్బా! కంప్యూటర్‌లో కొట్టినట్టే ఉండాది!" అన్నాడు ఒక పెద్దమనిషి.

"సాబు చేసిందంట. ఎంత లావుగా ఉండాదో సూడు!" అంది ఒకామె.

పడుచువాళ్ళు ఫోన్లు పైకెత్తి, ట్యాంకు వెనక పడేట్టు నిలబడి ఫోటోలు దిగారు. అరుణజ్యోతి నబీ సాబును పిలిచి శాలువా కప్పింది. ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదు. అక్షరాలు అక్కడ కుంగి, పూడి, నలిగి, కళ్ళ ముందే ఏడుస్తుంటే ఒక్కడికీ పట్టలేదు. ఇంతకాలం ఈ జనానికా నేను గుడ్లు నిలబెట్టి రాసింది, అనుకున్నాడు నబీ సాబు.

ఓబిలేష్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "సూపర్ సాబూ! మిగతా నాలుగు గూడ ఇట్లనే కానీ."

"ఓబిలేషూ, ఈ నాలుగు నా ఇష్టమొచ్చినట్టు రాస్తానప్పా. గుండ్రం కాకుండా కొంచెం పొడుగ్గా..."

"రాయి, ఎవరు వద్దన్నారు?"

"మరి ఆ కాగితం?"

"కాగితం నేను గూడ సరిగ్గా సూడలే. నువ్వు పొడుగ్గా రాస్తే ఏమి, పొట్టిగా రాస్తే ఏమి? కొలిచేకి పైకి ఎవుడొస్తాడప్పా? కనపడితే సాలు."

ఇదీ నబీ సాబు పంతానికి దక్కిన మర్యాద. తన పద్ధతిలో ఇక్కడే రాసి ఉన్నా అడ్డుకునే నాథుడు లేడు. ఎవరూ వినని పోట్లాట నాలుగు రోజులు ఒక్కడే కూర్చుని పోట్లాడాడు.

అప్పుడు కనిపించింది జుబేదాబీ. అమాన్ ఆటోలో తీసుకొచ్చినట్టున్నాడు. షామియానా దగ్గరికి రాలేదు. ఎప్పుడూ నిలబడే దూరంలో, వేరుశనగ చేనులో, కొంగు నెత్తిన వేసుకుని ట్యాంకు వైపు చూస్తూ నిలబడి ఉంది. ఎర్ర తువ్వాలు భుజం మీద ఉంది.

నబీ సాబు శాలువా తీసి చంకన పెట్టుకుని చేలో అడ్డంపడి పోయాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

"ఇది నువ్వు రాసిందేనా?" అంది.

"నేను యాడ రాసినా? ఆఫీసోళ్ళు రాసిండేది. నేను రంగు పూసినా, అంతే."

"కూలబడినాయి పాపం అన్నీ."

ఆ ఒక్క మాటకు నబీ సాబుకు ప్రాణం లేచొచ్చింది. "సూసినావా! నీకొక్కదానికే కనపడింది! వాళ్ళను నగుబాటు చేసేకే అట్ల రాసినా జుబేదా, కావాలనే రాసినా..."

"ఎవరు నవ్వినారు?"

అతను కాలి కింద మట్టిగడ్డను చిదిమాడు.

"ఆ కింద ఎర్రగా ఉండేది ఏంది?" అంది ఆమె.

నబీ సాబు వెనక్కి తిరిగి చూశాడు. న్నె కింద, కుంగిన అక్షరాల వరస చివర, ఎర్రగా, నిటారుగా, ఏటవాలు కుంచెతో సహా అతని పేరు. ఆ పేరొక్కటే మల్లెమొగ్గల్లా ముచ్చటగా ఉంది, చెయ్యి దాన్ని పాత అలవాటున రాసింది మరి. పెట్టినట్టే గుర్తులేదు అతనికి.

"నాకు చదువు రాదులే, నువ్వే చెప్పినావు," అంది జుబేదాబీ. గొంతు పెంచలేదు. "ఆ ముక్క మాత్రం వస్తాది. నలభై ఏండ్ల నుంచి అదొక్కటే చదువుతాండా. ఆడ ఆఫీసోళ్ళ పేరు ఉండాదా? బెంగళూరోళ్ళ పేరు ఉండాదా? ఇంగ పదైదేండ్లు ఈ దావన పొయ్యేటోళ్ళంతా అది సూసి ఏమనుకోవల్ల? నేను ఏమనుకోవల్ల?"

తిట్టినా బాగుండేది. మండలంలో కనబడిన ప్రతి బోర్డునూ ఎనుమని, గోడని తిట్టిన నోరు ఒక్క ముక్క పలకలేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గాలికి దుమ్ము పడినట్టు తుడుచుకున్నాడు.

షామియానా వైపు పరుగులాంటి నడకతో పోయాడు. ఓబిలేష్ బిర్యానీ ప్లేటు పట్టుకుని ఉన్నాడు.

"ఓబిలేషూ, ఉయ్యాల విప్పద్దు. అక్షరాలు చెరిపి మళ్ళా రాస్తా. దుడ్లు వద్దు, రంగు గూడ నాదే."

"నీకేమన్నా పిచ్చా సాబూ? ఫోటోలు ఆఫీసుకు పోయినాయి. అక్షరం తాకితే ఊరుకోను, చెప్తాండా."

"కనీసం నా పేరన్నా తుడిపేసుకుంటా."

ఓబిలేష్ ముక్క నములుతూ ఒకసారి పైకి చూశాడు. ట్యాంకు మీద అతని పేరు ఉన్న సంగతి అప్పుడే చూసినట్టున్నాడు. "దాన్నా? తుడుపుకో పో. అది ఉంటే ఏమి, లేకుంటే ఏమి?"

జనం భోజనాల్లో ఉండగా నబీ సాబు తెల్లరంగు డబ్బా నడుముకు కట్టుకుని మళ్ళీ పైకెక్కాడు. గాలికి ఉయ్యాల పలక ఊగుతోంది. కుంచె బొమ్మ మీద మొదట పూశాడు, తరవాత ఆర్ట్స్ మీద, చివరికి తన పేరు మీద. ఎర్రరంగు మొండిది, ఒక పూతకు పోలేదు, లోపలి నుంచి గులాబీగా కనిపిస్తూనే ఉంది. రెండోసారి పూశాడు. మూడోసారి పూశాడు. అప్పటికి సున్నం గోడలా తెల్లబడింది.

పలక మీద మెల్లగా తిరిగి కూర్చుని చేనులోకి చూశాడు.

జుబేదాబీ ఎర్ర తువ్వాలును రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకుని, బాగుందని చూపిస్తూ నిలబడి ఉంది.